సుంకేసుల అప్‌లైన్‌, మైదుకూరు డౌన్‌లైన్‌

దేశంలో 88 లక్షల మందికి స్వయం ఉపాధి చూపించామని డైరెక్ట్‌ సెల్లింగ్‌, అంటే నెట్‌వర్క్‌ మార్కెటింగ్‌ పరిశ్రమ పెద్దలు మళ్లీ ఛాతీ విరుచుకున్నారు. 2023-24లో మొత్తం 22,142 కోట్ల వ్యాపారం జరిగిందని కూడా వాళ్లే చెప్పారు. పెద్దవాళ్లు రెండు అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడు చిన్నవాళ్లం ఒక భాగారం చేసి చూసుకోవాలి కదా. చేశాను. మనిషికి ఏడాదికి సుమారు 25 వేల రూపాయలు. నెలకు 2,100 కూడా పూర్తిగా రాదు.

తొందరపడి సంతోషించకండి. అది సంపాదన కాదు, అమ్మకం. అందులోంచి సరుకు ఖరీదు పోవాలి, కంపెనీ లాభం పోవాలి, పైవాడి కమీషను, ఆ పైవాడి కమీషను పోవాలి, ఊరూరూ తిరిగిన పెట్రోలు పోవాలి. మే నెలలో మైదుకూరు ఎండకు మెడలో బిగించుకున్న టై ఖర్చు కూడా పోవాలి. మన రాష్ట్రంలో 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఏడు రోజులు మట్టి తవ్వితే చేతికి వచ్చే డబ్బూ, నెలంతా తిరిగి అమ్మిన సరుకు విలువా ఒకటే. మట్టి తవ్వినోణ్ణి కూలీ అంటున్నాం. సరుకు మోసినోణ్ణి బిజినెస్‌మ్యాన్‌ అంటున్నాం.

ఇంత గొప్ప విద్యను సబ్బులకూ పొడి డబ్బాలకూ వదిలేయడం నాకు బాధగా ఉంది. అందుకే జలవనరుల శాఖ వారికి ఒక మనవి. కర్నూలు-కడప కాలువను, అంటే మన కేసీ కాలువను, వెంటనే నెట్‌వర్క్‌ మార్కెటింగ్‌ పద్ధతిలోకి మార్చేయండి. పేరు కూడా నేనే పెట్టాను. స్వయం నీటి పథకం.

ఈ పద్ధతి కాలువకు కొత్తేమీ కాదు, దాని పుట్టుకలోనే ఉంది. 1860లలో దీన్ని తవ్వించింది మద్రాస్‌ ఇరిగేషన్‌ అండ్‌ కెనాల్‌ కంపెనీ. వాటాదారులు ఇంగ్లండులో, కాలువ ఇక్కడ. పెట్టిన పది లక్షల పౌండ్లకు ఐదు శాతం వడ్డీ వచ్చేటట్లు సర్కారు పూచీ పడింది. మన రైతులు ఆ నీళ్లు అనుకున్నంతగా వాడుకోలేదు, కంపెనీకి రాబడి రాలేదు, అయినా పూచీ పూచీయే. చివరికి 1882లో సర్కారే ఆ కాలువను కొని నెత్తిన పెట్టుకుంది. కాలువలో నీళ్లు పారకున్నా పైకి వడ్డీ పారించిన ఆ దొరలకు డైమండ్‌ బ్యాడ్జీలు ఇవ్వకపోవడం చరిత్ర చేసిన పొరపాటు.

ఇక పథకం వివరాలు. తుంగభద్ర మీద కాలువ మొదలయ్యే సుంకేసుల ఫౌండర్‌. నంద్యాల డబుల్‌ డైమండ్‌. ఆళ్లగడ్డ డైమండ్‌. చాగలమర్రి గోల్డ్‌. దువ్వూరు సిల్వర్‌. మైదుకూరు, చాపాడు రైతులు అసోసియేట్లు. ఆయకట్టు చివర ఉన్నామని ఇన్నాళ్లూ ఏడ్చినోళ్లు ఇకమీదట కళ్లు తుడుచుకోవాలి. టెయిలెండ్‌ అనే మాట నెగెటివ్‌. ఎదగడానికి అందరికంటే ఎక్కువ మెట్లు ఉన్నది మనకే.

చేరాలనుకున్న రైతు ముందుగా ఒక కిట్టు కొనాలి. అందులో బకెట్టు ఒకటి, టై ఒకటి, విజయ రహస్యాల పుస్తకం ఒకటి, ఎవరిదో విదేశీ కారు ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి ఉంటాయి. నీళ్లు ఉండవు. నీళ్లు కిట్టులో ఇస్తే విలువ తెలీదు. రైతు తన కింద ఇద్దరు రైతులను చేర్చాలి, వాళ్లు నలుగురిని చేర్చాలి. చేర్చిన ప్రతి జంటకూ ఒక తడి. కుడిపక్క ఒకడిని చేర్చి ఎడమపక్క చేర్చలేకపోతే జత కలవదు కాబట్టి తడి రాదు. మీ మడి ఎండిపోతున్నా సిస్టమ్‌ ఒప్పుకోదు. సిస్టమ్‌ను తప్పు పట్టకూడదు.

నెలకోసారి కల్యాణ మండపంలో సెమినారు. ఫ్యాన్లు తిరగకున్నా మైకు మాత్రం పనిచేస్తుంది. అద్దె కారులో దిగిన డబుల్‌ డైమండ్‌ వేదిక ఎక్కి, ‘రెండేళ్ల కింద నేనూ మీలాగే గోచీ పెట్టుకుని మడవ తిప్పినోణ్ణే’ అంటాడు. చప్పట్లు. నంద్యాల దగ్గర పచ్చటి వరి మడి ఫోటో తెర మీద వేస్తాడు. అది ఎవరి మడో అడగకూడదు. వెనక వరుసలోంచి చాపాడు రైతు ఒకాయన లేచాడనుకోండి.

‘సార్‌, నేను ఇద్దురిని చేర్పించినా. నాకింకా నీళ్లు రాలా. పైరు ఎండిపోతాంది సార్‌.’

‘అన్నా, నీళ్లు కాలువలో ఉండవు. నీ మైండ్‌సెట్‌లో ఉంటాయి. నువ్వు రోజూ పొద్దున్నే లేచి, నాకు నీళ్లొచ్చినాయ్‌ అని అద్దం ముందర అనుకుంటాండావా?’

‘లేదు సార్‌, గెట్టు మీదికి పోయి సూచ్చాండా.’

‘అదే నీ సమస్య. గెట్టు మీదికి పోయినోడు లూజరు. చూడకుండా నమ్మినోడు లీడరు.’

మళ్లీ చప్పట్లు. చాపాడు ఆయన కూడా కొడతాడు. పక్కనోళ్లందరూ కొడుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కష్టం మరి.

అధికారులు లెక్కలు అడుగుతారు కాబట్టి అవీ ఇస్తున్నాను. మొదట ఒకడు, తర్వాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది. ఇలా పద్దెనిమిదో వరుస నిండేసరికి మొత్తం సభ్యులు 2,62,143 మంది. కేసీ కాలువ ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. ఎకరాకు ఒక సభ్యుడు లెక్కన పద్దెనిమిది వరుసలకే కాలువ కథ కంచికి. చిట్టచివరి వరుసలో 1,31,072 మంది ఉంటారు. పైనున్న పదిహేడు వరుసలూ కలిపితే 1,31,071 మంది. అంటే ఎవరినీ చేర్చలేక చేతులు కట్టుకుని కూర్చున్న కిందివాళ్లు, పైవాళ్లందరికంటే ఒకరు ఎక్కువ. ఎంత కష్టపడినా, ఎంత పాజిటివ్‌గా ఆలోచించినా, ఆ ఒక్కడు ఎక్కువే ఉంటాడు. వాళ్లు పైకి రావాలంటే కొత్తగా 2,62,144 మంది రైతులు కావాలి. వాళ్లకు ఇంకొక కేసీ కాలువ కావాలి. ఆ కాలువ చివరివాళ్లకు మరో రెండు కాలువలు కావాలి. తుంగభద్రలో ఒక్క చుక్క పెరగకుండా ఇన్ని కాలువలు తవ్వే ఇంజనీరింగ్‌ ప్రపంచంలో ఇదొక్కటే.

పథకం వల్ల ప్రభుత్వానికి లాభాలు చెప్పనలవి కాదు. డ్యాము గేటు ఎత్తే పని లేదు. పూడిక తీసే పని లేదు. నీళ్లు రాలేదని రైతులు కలెక్టరేట్‌ ముందు కూర్చోరు, ఎందుకంటే తమను చేర్చిన బామ్మర్ది ఇంటి ముందు కూర్చుంటారు. కాలువ కోసం జరగాల్సిన తగాదా ఇంట్లోనే జరిగిపోతుంది. ఇక ఏడాది చివర్లో, 2.65 లక్షల మంది రైతులకు స్వయం నీటిపారుదల కల్పించామని పేపర్లలో ఫుల్‌ పేజీ ప్రకటన ఇచ్చుకోవచ్చు.

నవ్వుకున్నారా? ఇందులో నేను కల్పించింది నీళ్లు ఒక్కటే. మిగతా మాటలన్నీ మా ఓబులేసు నోటి నుంచి విన్నవి. ఓబులేసు అని నేను పెట్టిన పేరు. మనిషి మాత్రం ఉన్నాడు. మోటారు వైండింగ్‌ షాపు. బోరు మోటారు కాలిపోయిందంటే అర్ధరాత్రయినా కూర్చుని రాగి తీగ చుట్టి, పొద్దునకు పైరు తడిసేటట్టు చేసి పంపేవాడు. డబ్బు పంట వచ్చినాక ఇచ్చినా ఏమీ అనేవాడు కాదు. సొంత బామ్మర్దే వచ్చి ఒక కంపెనీలో చేర్పించాడు. పెండ్లాం గాజులు బ్యాంకులో పెట్టి చేరిక సొమ్ము కట్టాడు.

అతని షాపు ఖాతా పుస్తకం చూశాను. ముందు పేజీల్లో బాకీలు. చాపాడు రెడ్డన్న, ఐదు హెచ్‌పీ మోటారు, ఇంకా 1,800 రావాలి. అదే పుస్తకాన్ని తిరగేస్తే వెనక నుంచి ‘నేమ్‌ లిస్టు’. బాకీ ఉన్న రెడ్డన్నే అక్కడా ఉన్నాడు. పేరు ఎదురుగా ‘డ్రీమ్‌’ అని గీత గీసి, ‘కూతురు పెండ్లి’ అని రాసుకున్నాడు. లక్షుమ్మక్క పేరు ఎదురుగా ‘కొడుకు ఉద్యోగం’. నా పేరు ఎదురుగా ‘సొంత ఇల్లు’. ఇరవై ఏళ్ల స్నేహంలో టీ తాగుతా మేం చెప్పుకున్న కష్టాలన్నీ ఆ గీత అవతల వరుసగా ఉన్నాయి. ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో తెలిసిన మనిషి చేత, సరిగ్గా అక్కడే వేలు పెట్టి నొక్కమని నేర్పించారు. రాసుకోమని చెప్పినోడు ఏ నగరంలో ఉన్నాడో ఓబులేసుకు తెలీదు. రెడ్డన్నకు మాత్రం ఓబులేసు ఇల్లు తెలుసు.

ఇప్పుడు రెడ్డన్న మోటారు కాలిపోతే ప్రొద్దుటూరికి తీసుకుపోతున్నాడు. నాలుగు రోడ్ల దగ్గర ఓబులేసు కనిపిస్తే మనుషులు సందులోకి తిరుగుతున్నారు. దీన్ని మీరు ఉపాధి అంటారు. మీ 88 లక్షల్లో ఇతనూ ఒక అంకె.

చట్టం లేదని ఎవరూ అనకండి. 1978 నుంచీ మనీ సర్క్యులేషన్‌ పథకాల మీద నిషేధం ఉంది. ఆమ్‌వే కంపెనీ పథకం ఆ చట్టం కిందికే వస్తుందని మన హైకోర్టు 2007లో చెప్పింది. 2014 మేలో ఆ కంపెనీ భారత అధిపతి విలియం పింక్నీని అరెస్టు చేసి తీసుకొచ్చింది మన కర్నూలు పోలీసులే. అప్పుడు పరిశ్రమ పెద్దలు పెట్టుబడులు బెదిరిపోతాయని గోల చేశారు, పాత చట్టం మార్చమన్నారు. డౌన్‌లైన్‌లో గాజులు బెదిరిపోయిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. 2021 డిసెంబరులో కేంద్రం పిరమిడ్‌ పథకాలు కుదరవని కొత్త నిబంధనలు తెచ్చి, నిఘా బాధ్యత రాష్ట్రాల మీద పెట్టింది. ఆ నిఘా మైదుకూరు కల్యాణ మండపం దాకా ఇంకా రాలేదు. అదీ కేసీ నీళ్ల మాదిరే పైనే ఎక్కడో ఆగిపోయింది. అసలు ఆ 1978 చట్టంలో నేరానికి జైలు మూడేళ్ల దాకా, జరిమానా ఐదు వేల దాకా. ఐదు వేలు! ఓబులేసు కట్టిన చేరిక సొమ్ములో చిల్లర అది.

2023 మార్చి 16న సికింద్రాబాద్‌ స్వప్నలోక్‌ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు. వరంగల్‌, మహబూబాబాద్‌, ఖమ్మం వైపు పల్లెల నుంచి ఉద్యోగమని వచ్చినవాళ్లు. ఉద్యోగం అడిగితే ఎదురు డబ్బు కట్టించుకున్న నెట్‌వర్క్‌ మార్కెటింగ్‌ వ్యవహారం ఆ మంటల వెలుగులో గానీ లోకానికి కనిపించలేదు. ఆ పిల్లలను కూడా ఏదో ఒక ఏడాది స్వయం ఉపాధి లెక్కలో కలిపే ఉంటారు.

ఇంత జరుగుతున్నా ఫిర్యాదులు రావడం లేదని అధికారులు అంటారు. ఎట్లా వస్తాయి? ఆ 1978 చట్టం మూడో సెక్షన్‌ పథకం నడిపినవాణ్ణే కాదు, అందులో సభ్యుడిగా చేరినవాణ్ణీ తప్పుపడుతుంది. పోలీసు స్టేషను మెట్లెక్కి ఓబులేసు నోరు తెరిస్తే, మొదట బయటపడే పేరు బామ్మర్దిది, రెండోది తనది. పెండ్లాం తమ్ముణ్ణి జైలుకు పంపి ఇంట్లో అన్నం తినగలడా? నష్టపోయిన ప్రతివాణ్ణీ ఇంకొకడికి నష్టం చేసినవాడిగా మార్చి నోరు కుట్టేయడమే ఈ వ్యాపారం అసలు కనిపెట్టిన వస్తువు. అది తెలిసీ ఫిర్యాదు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం సిగ్గులేనితనం.

కిట్టు కొని, ఇద్దరిని చేర్చి, అన్నీ పోగొట్టుకున్నవాడు సాక్షే గానీ ముద్దాయి కాదని జిల్లా ఎస్పీ ఒక్క ప్రకటన చేయమనండి. స్టేషనుకు వచ్చినోణ్ణి ‘ఎందుకు చేరినావ్‌రా’ అని కసరడం మానేసి, ‘నిన్ను ఎవరు చేర్చినారు?’ అని అడగమనండి. వానిని చేర్చింది ఎవరు, ఆ పైన ఎవరు అని అడుగుతా అడుగుతా సుంకేసుల దాకా పొమ్మనండి.