గంట కొలువు

ఉద్యోగాలు రావాలంటే భూములు సేకరించాలి, ఫ్యాక్టరీలు కట్టాలి, కరెంటివ్వాలి, పెట్టుబడిదారుల గడ్డం పట్టుకుని బతిమాలాలి అని ఇంకా నమ్ముతున్నవాళ్ళున్నారు. పాపం, వాళ్ళకి నైజీరియా సంగతి తెలియదు. 2020 చివరి మూడు నెలలకు అక్కడి గణాంక సంస్థ చెప్పిన నిరుద్యోగ రేటు 33.3 శాతం. ముగ్గురిలో ఒకడు ఖాళీ. 2023 మొదటి మూడు నెలలకల్లా అదే సంస్థ లెక్కలో అది 4.1 శాతమైంది. మధ్యలో మారింది నిర్వచనం. అంతకుముందు వారానికి కనీసం 20 గంటల పని లేనివాణ్ణి నిరుద్యోగి అనేవారు. కొత్త పద్ధతిలో ఒక్క గంట చాలు. ఇంత చవకగా ఇన్ని కొలువులిచ్చిన పథకం నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఆ దేశానికి ఈ విద్య కొత్తేం కాదు. 2014 ఏప్రిల్ 6, ఆదివారం నాడు జీడీపీని కొత్త ఆధార సంవత్సరంతో లెక్కగట్టి 89 శాతం పెంచేసింది. పొద్దున లేచేసరికి దక్షిణాఫ్రికాను దాటి ఆఫ్రికాలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థ! లేగోస్ వీధుల్లో జనరేటర్లు మాత్రం యథాప్రకారం మోగుతూనే ఉన్నాయి. నిజానికి ఇందులో మోసం లేదు. పాత లెక్క 1990 నాటిది. సెల్‌ఫోన్లూ, వేలకొద్దీ తీసే వాళ్ళ సినిమాలూ అందులో సరిగా ఎక్కనే లేదు. అబద్ధమంటూ ఉంటే అది అంతకుముందు ఏళ్ళతరబడి చెప్పుకున్న అంకె. ఆ అంకెను పట్టుకునే వాళ్ళకి పెద్ద పెద్ద బ్యాంకులు సలహాలిచ్చాయి, అదీ తమాషా.

ఒక్క గంట సూత్రం కూడా దొంగలెక్కేం కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణమే. మన దగ్గరా వారపు లెక్కలో అదే నడుస్తోంది. గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు గంటసేపు పనిచేస్తే చాలు, పనిలో ఉన్నట్టే. 2025 నుంచి నెలనెలా వెలువడుతున్న నిరుద్యోగ రేటు ఈ పద్ధతిలోదే. జీతం ఉండాలన్న నియమం కూడా లేదు, సొంత కొట్లో ఊరికే సాయం చేసినా సరే. సర్వే ఉద్యోగి మన ఊళ్ళో ఓ కిరాణా కొట్టుకొస్తే మాట ఇలా నడుస్తుందని నా ఊహ.

"మా అబ్బాయి బీటెక్ చేశాడండీ. మూడేళ్ళుగా ఖాళీ."

"పోయినవారం కొట్లో కూర్చున్నాడా?"

"నేను భోజనానికెళ్ళినప్పుడు ఓ గంట కూర్చున్నాడు. అదీ ఫోన్ చూసుకుంటూ."

"జీతమిస్తారా?"

"వాడికి జీతమేంటండీ, పైగా పెట్రోలుకి నేనే ఇవ్వాలి."

"అయితే స్వయం ఉపాధి. ఇక్కడో సంతకం పెట్టండి."

అమెరికాలోనూ డబ్బులొచ్చే పనైతే గంట చాలు. కానీ జీతం లేకుండా ఇంటివాళ్ళ కొట్లో కూర్చున్నవాణ్ణి పనివాడనాలంటే వారానికి 15 గంటలు కూర్చోవాలి. పైగా అక్కడ పని పోయినవాడికి కొంతకాలం భృతి వస్తుంది. భృతి లేనిచోట ఖాళీగా కూర్చోవడమంటే ఇంట్లో తిండిగింజలున్నవాడు చేయగలిగిన పని. కూలీల అడ్డా మీద తెల్లారినప్పటి నుంచి నిలబడి, వారంలో ఒక్క ఇసుక లారీ దించినవాడు ఈ గంట లెక్కలో నిరుద్యోగి కాడు. పేదవాడికి ఆ హోదా కూడా అందదు.

ఎంత సాగదీసినా అంకె లొంగకపోతే? దానికీ మన దగ్గర మందుంది, ఆపి ఉంచడం. 2017-18 సర్వేలో నిరుద్యోగం 6.1 శాతమని తేలింది. జాతీయ గణాంక సంఘం ఆమోదించినా నివేదిక బయటికి రాలేదు. 2019 జనవరిలో ఆ సంఘం తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. ఆ వెంటనే అంకె పత్రికకెక్కింది. అది ముసాయిదా మాత్రమేనని పెద్దలు సెలవిచ్చారు. ఎన్నికలయ్యాయి. మే 30న ప్రమాణ స్వీకారం, మే 31న నివేదిక. అంకె అదే, 6.1. కాబట్టి మన దేశంలో నిరుద్యోగం మంత్రివర్గం కొలువుదీరిన మర్నాడు మొదలైందని చరిత్రకారులు రాసుకోవచ్చు.

అదే 2017-18లో జరిపిన వినియోగ వ్యయ సర్వేకు ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు. జనం పెట్టే ఖర్చు తగ్గిందని పత్రికల్లో రాగానే, నాణ్యత బాగాలేదంటూ ప్రభుత్వం ఆ సర్వేనే చుట్టి అవతల పెట్టేసింది. అంతకుముందు సర్వే 2011-12 నాటిది, మళ్ళీ సర్వే జరిగింది 2022-23లో. కనుక ప్రభుత్వ లెక్క ప్రకారం భారతీయులు 2011-12లో భోంచేశారు, ఆ తర్వాత పదకొండేళ్ళకు మళ్ళీ భోంచేశారు.