తాళాలు ఊడాయి, సరే

మా రోజుల్లో సీనాయి ప్రతి అనే పాత గ్రీకు బైబిల్ చేతిరాత ప్రతి అంటే మాకు ఒక్క అక్షరమే. నెస్లే గ్రీకు కొత్త నిబంధనలో పుట అడుగున చీమల బారులా పాఠభేదాలుండేవి. వాటిలో హెబ్రీ 'ఆలెఫ్' కనిపిస్తే సీనాయి ప్రతి, 'బి' కనిపిస్తే వాటికన్ ప్రతి. ఆ రెండక్షరాలు పట్టుకునే వేదాంత కళాశాలలో పరీక్షలు రాశాం, తర్వాత పాఠాలూ చెప్పాను. అసలు పుట ముఖం చూడాలంటే లైబ్రరీ పుస్తకంలో మసకేసిన ఫోటోనే గతి.

ఇప్పుడు మా మనవడు మంచం మీద పడుకుని, అదే ప్రతిలోని నాలుగో శతాబ్దపు తోలు పుటను వేళ్లతో సాగదీసి చూపిస్తాడు. లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి మఠం... ఇన్నిచోట్ల చెదిరిపోయిన పుటలన్నీ 2009 నుంచి ఇంటర్నెట్‌లో ఒక్కచోటే ఉన్నాయి. పుటకు నాలుగు నిలువు వరుసలు, మాటకూ మాటకూ ఎడం లేని పెద్దక్షరాలు. 1933లో సోవియట్ ప్రభుత్వం దీనిలో చాలా భాగాన్ని లక్ష పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియానికి అమ్మితే, కొనడానికి అక్కడి జనం చందాలూ వేసుకున్నారు. అదిప్పుడు ఉచితం. "బాగుంది కదా తాతయ్యా" అని ఐదు సెకన్లు చూసి, వాడు క్రికెట్‌లోకి పోయాడు.

ఐదు సెకన్లు! 1843లో టిషెన్‌డార్ఫ్ అనే పండితుడు వాటికన్ ప్రతి కోసం రోములో నెలల తరబడి పడిగాపులు కాస్తే, ఆరంటే ఆరు గంటలు చూడనిచ్చారు. రెండేళ్ల తర్వాత వెళ్లిన మరో పండితుడు ట్రెగెల్స్‌ది మరీ అన్యాయం. జేబులు తడిమి కలం, సిరా, కాగితం తీసేసుకున్నాకే లోపలికి పంపారు. ఒక్క వచనం మీద కాస్త ఎక్కువసేపు చూపు నిలిపితే, కాపలా ఉన్న గురువులు పుస్తకం లాగేసేవారట.

ఆ రోజులే మంచివంటానా? ముసలాణ్ణే గానీ మూర్ఖుణ్ణి కాను. 1947 నుంచి కుమ్రాన్ గుహల్లో మృత సముద్రపు చుట్టలు బయటపడుతూ వస్తే, వాటిలో చాలా ముక్కలు దశాబ్దాల తరబడి గుప్పెడుమంది పండితుల గుప్పిట్లోనే మగ్గాయి. 1991లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గరున్న ఫోటోలు పండితులెవరైనా చూడొచ్చని తలుపులు తీశాక గానీ ఆ గొళ్లెం ఊడలేదు. ఊడటం న్యాయమే.

నా గొణుగుడు ఊడిన తర్వాతి సంగతి మీద. మా సంఘం వాట్సాప్‌లో, ఎర్ర గీత కొట్టిన గ్రీకు పుట ఒకటి తిరుగుతోంది. "మార్కులో పన్నెండు వచనాలు దాచేశారు!" అట. ఎవరు దాచారు నాయనా? సీనాయి, వాటికన్ ప్రతులు రెండింటిలోనూ మార్కు 16:8 దగ్గరే ఆగుతుందని మా పాత నెస్లే అడుగునే అచ్చేసి ఉంది. వాటికన్ లేఖకుడు అక్కడ ఆగి, ఓ నిలువు వరుస మొత్తం ఖాళీ వదిలాడు. ఇంకో ముగింపు ఉందని తెలిసే వదిలాడా, వేరే కారణమా అని పండితులు ఇప్పటికీ తగాదా పడుతున్నారు. పంపిన ఫోటోలో ఆ ఖాళీ కూడా ఉంది. ఎర్ర గీత దాని పక్కనుంచే పోయింది. "ఇది ఏ ప్రతి బాబూ?" అని పంపినవాణ్ణి అడిగితే "పురాతన బైబిల్ అయ్యగారూ" అన్నాడు.

చూడటానికి డబ్బు అక్కర్లేకుండా పోయింది గానీ, గ్రీకు మాత్రం చవకవలేదు. మేం తెల్లారకముందే లేచి క్రియారూపాలు వల్లెవేశాం. ఇప్పుడు నేర్చుకోమంటే "యాప్ ఉంది కదండీ" అంటారు. సీనాయి ప్రతి వెబ్‌సైట్‌లో ఒక మాట మీద నొక్కితే అది ఫోటోలో ఎక్కడుందో చూపిస్తుంది. ఇరవయ్యేళ్లప్పుడు నాకిది దొరికి ఉంటే అన్నం మానేసి కూర్చునేవాణ్ణి.

మొన్న ఓ కుర్ర పాస్టరు ఫోన్ చేసి, సీనాయి ప్రతి పీడీఎఫ్ పంపమన్నాడు. సంతోషించాను. తెలుగులోది కావాలట, అదీ ఎంబీలు తక్కువున్నది.