పక్షానికి రెండు గంటల పండితులు

చరిత్రలో ఎమ్మే చెయ్యడానికి ఇప్పుడు కాళ్లతో పనిలేదు. వీడియోని రెండింతల వేగంలో పెట్టుకుంటే కళ్లు కూడా సగం సేపే చాలు. ఆన్‌లైన్ డిగ్రీలో చేరినవాడు నిజంగా చదువుతున్నాడా లేదా అని కనిపెట్టడానికి యూజీసీ ఒక కొలత పెట్టింది: పక్షానికి కనీసం రెండు గంటలు పాలుపంచుకోవాలట. రెండేళ్లకి 104 గంటలు. అంటే నాలుగున్నర రోజులకు కూడా తక్కువే. తిరునాళ్లలో నాటకాలు చూసే రైతు ఇంతకంటే ఎక్కువసేపే కూర్చుంటాడు. ‘కనీసం’ అన్నారు కదా అంటారేమో. మన దేశంలో కనీసం అన్నదేదైనా గరిష్ఠం కాకుండా మిగిలిందా?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు దగ్గర, వలస వచ్చిన రైతుల క్యాంపులో ఉండే ఓ తెలుగు కుర్రాణ్ణి ఊహించుకోండి. తుంగభద్ర ఎడమ కాలవకి నీళ్లొచ్చాక తాతగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి వేశారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇగ్నోలో చరిత్ర ఎమ్మేకి మాత్రం ఇంగ్లీషో హిందీయో కావాలి. వాడి మొత్తం చరిత్ర జరిగింది మాత్రం ఆ రెంటిలోనూ కాదు.

సరే, చదివాడు. ‘అశోకుడి పేరు మొదటిసారి స్పష్టంగా కనిపించిన శాసనం ఏది?’ అని ఫోను అడిగింది. నాలుగు జవాబుల్లో మస్కి మీద వేలు పెట్టాడు, మార్కు పడింది. ఆ మస్కి వాడి ఊరి నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. వాడు ఎప్పుడూ దిగలేదు, దిగమని చెప్పిన పాఠమూ లేదు. 1915లో ఆ శాసనం బయటపెట్టిన బీడన్ చరిత్రకారుడు కాదు, గనుల ఇంజనీరు. ఈ నేలలో బంగారం కోసం గుట్టలెక్కి దిగుతూ తిరిగాడు. అప్పటిదాకా దొరికిన రాళ్ల మీద ‘దేవానాంప్రియుడు’ లాంటి బిరుదులే ఉండేవి. ఆ బిరుదు పక్కన అసలు పేరు ఈ బండ మీద కనిపించింది. బంగారం వెతుక్కుంటూ వచ్చినవాడికి చక్రవర్తి దొరికాడు. చక్రవర్తిని చదివినవాడికి ఒక మార్కు దొరికింది.

రాయచూరు కోట సంగతి ఇంకా ముచ్చట. 1294లో కాకతీయుల కాలంలో కట్టిన గోడలో 41 అడుగుల పొడవైన రాయి ఉంది, దాని మీద తెలుగు శాసనం ఉంది. అంత రాయిని దున్నపోతుల బండి మీద ఎలా లాక్కొచ్చారో కూడా చెక్కి పెట్టారు. బస్టాండుకు దగ్గరే. అయినా ఈ కోట కోసం 1520లో జరిగిన రాయచూరు యుద్ధం మీద గట్టి వ్యాసం రాయడానికి అరిజోనా నుంచి చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ పూనుకోవలసి వచ్చింది. మనవాళ్లకి తీరికేది? పక్షానికి రెండు గంటలు నింపుకోవాలి కదా.

దూరవిద్యనే తిడుతున్నాననుకోకండి. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో పెట్టినప్పుడు, దాని తొలి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డిగారి హయాంలో పాఠాలు తెలుగులో రాయించారు. ఆ పుస్తకాలు ఎంత బాగా కుదిరాయంటే, గ్రూపు పరీక్షలవాళ్లు ఇప్పటికీ వాటినే నూరుతున్నారు. పగలు పని చేసి రాత్రి చదువుకున్నవాళ్లకి అది నిజంగా తలుపు తీసింది. ఇప్పుడు తీస్తున్నది తలుపు కాదు, ఖర్చు. ఒక సెమిస్టర్ పాఠాల్లో 40 శాతం దాకా ‘స్వయం’ అనే ఆన్‌లైన్ వేదిక మీద పూర్తి చేసుకోవచ్చని 2021లో యూజీసీ అనుమతించింది. అంతకుముందు 20 శాతం. లెక్కలు తెలిసిన అధికారికి అందులో కనిపించేది చదువు కాదు, మిగిలే జీతాలు. ఖాళీ కుర్చీల్లో ‘అతిథి’ అధ్యాపకులుంటారు. ఏళ్ల తరబడి వడ్డించినా విస్తరి వెయ్యని ఆతిథ్యం అది. రాయచూరు జిల్లాకి 2021లో విశ్వవిద్యాలయం వచ్చింది, తర్వాత దానికి ఆదికవి వాల్మీకి పేరు కూడా పెట్టారు. పేరు పెట్టడానికి పెద్దగా ఖర్చవదు.

మైసూరులోని కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం కథ గుర్తుందా? 2012-13 తర్వాత దాని గుర్తింపు పొడిగించలేదు, 2018లో మళ్లీ ఇచ్చారు. మధ్యలో చేరినవాళ్లకి పట్టా చేతిలో ఉంది, దాని విలువ ఢిల్లీలో ఉంది. ఇప్పుడా బెంగ తీరింది లెండి. గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ తేల్చేసింది. ఒప్పుకోవలసిందే: మామూలు కాలేజీలో పాఠం చెప్పేవాడు కరువు, ఆన్‌లైన్‌లో వినేవాడు కరువు.

మన సింధనూరు కుర్రాడు ఇక అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాస్తాడు. దానికి కోచింగూ ఫోనులోనే. గట్టెక్కితే ఏదో ప్రభుత్వ ఫస్ట్ గ్రేడ్ కాలేజీలో అతిథి అధ్యాపకుడవుతాడు. కొత్త ఏడాది జాబితా వచ్చేదాకా జీతం రాదు గానీ ఫర్వాలేదు, అది నాట్ల కాలం. వరి నాటడానికి ఇంకా ఆన్‌లైన్ అనుమతి రాలేదు.