సంతకము లేని ప్రతిజ్ఞ

సంక్రాంతినాడు పిల్లవాని చేతికి గాలిపటమిచ్చి మిద్దెమీదికి పంపినచో తండ్రి ధర్మము తీరును. దారము తెగినను దోషము లేదు, కొమ్మకు చిక్కినను పాపము లేదు. ఆగస్టు 15 అట్టిది కాదు. ఆనాడు ఎగురవలసినది జెండా. దానికి నియమావళి యొకటి కలదు. ఆ నియమావళిలో లేని ప్రశ్నలన్నియు అడుగుటకు మా ఇంట రెండవ తరగతి చదువు కుమారుడొకడు కలడు. ఐనను నేను భయపడలేదు. ఏలయన మాది నల్లగొండ. తక్కిన దేశము ఏటికి రెండుమార్లు జనగణమనకు లేచి నిలుచుచుండగా, మా పట్టణమున 2021 జనవరి 23, నేతాజీ జయంతి మొదలుకొని, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కూడళ్ళలోని మైకులనుండి ఆ గీతము వెలువడును. కూరగాయల బండివాడు తక్కెడ దించును, ఆటోవాడు ఇంజను ఆపును, ఆలస్యముగా ఆఫీసునకు పోవు నావంటివాడు తన అరగంట ఆలస్యమునకు 52 సెకండ్ల దేశభక్తిని కారణముగా చూపుకొనును. నిత్యసాధకునకు వార్షికపరీక్ష యొక లెక్కయా యని తలచితిని. అదియే నా పొరపాటు.

వారము ముందే బడినుండి చీటి వచ్చినది: బాలుడు స్వాతంత్ర్యయోధుని వేషముతో రావలెను; ప్రతిజ్ఞ తప్పులేకుండ అప్పగించవలెను. వేషములు కిరాయికిచ్చు దుకాణమునకు వానిని వెంటబెట్టుకొని పోతిని.

"గాంధీ ఉన్నడు, భగత్‌సింగ్ ఉన్నడు సార్. సుభాష్ చంద్రబోసు నిన్ననే పోయిండు, మల్ల పదహారుకే వస్తడు" అని దుకాణదారుడు చరిత్రకారులకు సైతము దొరకని సమాచారమును నిబ్బరముగా చెప్పినాడు.

మన జిల్లావారెవ్వరును లేరా యని అడిగితిని. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి నిలిచి, సాక్షాత్తు నెహ్రూకంటెను అధికముగా ఓట్లు తెచ్చుకొని పార్లమెంటునకు పోయిన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డిగారిని జ్ఞాపకము చేసితిని.

"ధోతికీ అంగీకీ కిరాయి ఎవలిస్తరు సార్? పిల్లగాడు స్టేజీ ఎక్కితే ఊరి పటేల్ అనుకుంటరు!"

ఆ మాటలో వ్యాపారసూక్ష్మము కలదు. యోధుడనువానికి టోపీయో మీసమో బట్టతలయో ఉండవలెను. ఒట్టి త్యాగమే యున్నచో కిరాయి గిట్టదు. తుదకు రబ్బరు బట్టతల, అద్దములు లేని కళ్ళజోడు, పిల్లవానికంటె మూరెడు పొడవైన కర్ర కలిసి గాంధీమహాత్ముడు మూడువందల కిరాయికి, అయిదువందల అడ్వాన్సునకు మా ఇంటికి విచ్చేసెను. సర్వమును పరిత్యజించినవాని వేషమునకు అడ్వాన్సు ఏలయని నేనడుగలేదు. రబ్బరుతల చినిగినచో ఆ సొమ్ము తిరిగి రాదని మాత్రము పిల్లవానికి అహింసతో కూడిన హెచ్చరిక చేసితిని.

పదునాలుగవ తేది సాయంకాలము జెండా కొనితెచ్చితిని. తొంబదేండ్లకు చేరువైన మా నాయనమ్మ పుట్టపాక దిక్కున మగ్గముల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. ఏ బట్ట చేతికి వచ్చినను ముందుగా బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పెట్టి నలిపి చూచునుగాని రంగు చూడదు. జెండాను గూడ అట్లే నలిపినది.

"ఇది ఏ మగ్గం మీది బిడ్డా?"

"మగ్గం గాదు నాయనమ్మా, మిల్లుది. పాలిస్టరు."

ఆమె మరల నలిపినది, ఏమియు అనలేదు. చేత వడికి చేత నేసిన గుడ్డయే జెండా కావలెనను నియమము చిరకాలము ఉండెననియు, 2021 డిసెంబరు 30న సవరణ వచ్చి యంత్రమునకును పాలిస్టరునకును ద్వారములు తెరిచెననియు నేను వివరించితిని. పోచంపల్లి చీరకును పుట్టపాక తేలియా రుమాలుకును దేశవిదేశములందు పేరున్నదిగాని, ఆ మగ్గములున్న సీమలో నా చేతికి దొరికిన జెండాకు మాత్రము మగ్గముతో చుట్టరికము లేదు. "జర పదిలంగ పట్టుకో, పోగులు లేస్తయి" అని మాత్రము ఆమె ముని మనుమనితో అన్నది.

వాడు ఊరకుండునా? "తాతమ్మా, స్వాతంత్ర్యం వచ్చిననాడు నువ్వు జెండా ఎగరేసినవా?" అని అడిగినాడు.

"యాడిది బిడ్డా! మనకు ఆనాడు రాలే. నైజాం రాజ్యంల జెండా పడితె జైల్ల ఏసెటోళ్ళు. మరుసటేడు పోలీసు యాక్షనైనంక వచ్చింది."

"అంటే మనకు లేటుగ వచ్చిందా? మా బడి బస్సులెక్క?"

1947 ఆగస్టు 15నకును 1948 సెప్టెంబరు 17నకును నడుమనున్న పదమూడు నెలల చరిత్రను ఇంతకంటె క్లుప్తముగా ఏ ఆచార్యుడును చెప్పలేదు. నేను ఉత్సాహము పట్టలేక, సెప్టెంబరు 17 గూడ పండుగయే యని చెప్పి చిక్కుకొంటిని. ఆ దినమునకు పేరేమని వాడు అడిగినాడు. కేంద్రమువారు దానిని విమోచన దినోత్సవమన్నారు; రాష్ట్రమువారు మొదట జాతీయ సమైక్యతా దినమన్నారు; ప్రభుత్వము మారిన పిదప 2024లో ప్రజాపాలన దినోత్సవమన్నారు. "పుట్టినరోజు ఒక్కటే గద డాడీ, పేర్లు మూడెట్ల?" అనెను వాడు. నామకరణమునకు మేనత్తలెక్కువైనచో అట్లే యగునని చెప్పి తప్పించుకొంటిని.

మరునాడు బడి ఆవరణలో ఉత్సవము జరిగినది. గాంధీలు పదునొకండుగురు, భగత్‌సింగులు ఏడుగురు, కిరీటము పెట్టుకొన్న భరతమాతలు ముగ్గురు ఎండలో నిలువబడియుండగా, ముఖ్య అతిథి త్యాగమును గూర్చి నీడలో నుండి నలువది నిముషములు ప్రసంగించెను. జాతీయగీతము మొదలయినంతనే తండ్రులమందరమును అచలముగా నిలిచితిమి. చేతులు మాత్రము ఒక్కపెట్టున లేచినవి, ఏలయన వానిలో సెల్‌ఫోనులున్నవి. మా గాంధీ రబ్బరుతలక్రింద చెమటతో తడిసియు కదలలేదు. నా ఫోనులో వాని బొమ్మ సగమే పడినది. ముందు నిలిచిన తండ్రి ఫోను మిగిలిన సగమును మ్రింగినది.

ఇక ప్రతిజ్ఞ సంగతి. దానిని కంఠపాఠము చేయించుచున్న రాత్రియే వాడు పుస్తకమును వెనుకకును ముందునకును త్రిప్పి, "ఇది ఎవరు రాసిన్రు? కింద పేరు లేదు. పేరు రాయకుంటే మా టీచరు కాగితం తీసుకోదు" అనెను. వాని పుస్తకమున నిజముగనే పేరు లేదు. అందుచేత చెప్పితిని: వ్రాసినవారు పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు, 1916లో జన్మించినది మన పట్టణమునకు చేరువనున్న అన్నెపర్తిలో, 1962లో విశాఖపట్టణమున జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా దీనిని వ్రాసినారు, తెన్నేటి విశ్వనాథంగారికి చూపగా, అది నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారి వరకు చేరినది. 1965 జనవరి 26 నుండి దేశమందలి బడులన్నిట పలికించుచున్నారు. సంతకము లేని బిల్లును ట్రెజరీవారు చచ్చినను పాసు చేయరు. అట్టి శాఖలో జీవితము గడపిన యా మహానుభావుడు స్వయముగా వ్రాసిన కాగితమొక్కటి మాత్రము, క్రింద సంతకమే లేకుండ, అస్సామునుండి కన్యాకుమారివరకు ఏండ్లతరబడి పాసగుచున్నది!

పిల్లవానికి బిల్లుల సంగతి తెలియలేదుగాని అన్నెపర్తి తెలిసినది. "మనం బస్సుల పోయే అన్నెపర్తా?" అని రెండుమార్లు అడిగి పండుకొన్నాడు.

సెలవులు ముగిసి సోమవారమున బడి తెరిచిరి. ప్రతిజ్ఞను చూచివ్రాతగా వ్రాయించిరి. సాయంకాలము సంచిలోనుండి నోటుపుస్తకము తీసి చూచితిని. అక్షరములు గీతదాటి క్రిందికి జారుచున్నవిగాని తప్పులు లేవు. చివర ఒక పంక్తి విడిచి, పెన్సిలు నొక్కి నొక్కి, "రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు తాత, అన్నెపర్తి" అని యున్నది. దానిపై ఎర్రసిరాతో అడ్డముగా గీత. ప్రక్కన, "పుస్తకంలో లేనిది రాయరాదు". మార్కులు 10కి 9.

ఆ గీతక్రిందనే తల్లిదండ్రుల సంతకమునకు ఖాళీ కలదు. కుమారుడు పెన్సిలు పట్టుకొని నా ముఖమువైపు చూచుచుండెను. టీచరుతో వాదించు తీరిక లేదు, ఆఫీసులో ఫైళ్ళున్నవి, పై యేడు మరల ఇదే బడి. పొడిఅక్షరములతో, తేదీతో సహా, సంతకము చేసితిని. దానిని మాత్రము ఎవ్వరును కొట్టివేయలేదు.