ర్యాంకెంత?

మా బావ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తెనాలిలో ఉంటాడు. చదివింది చరిత్ర బి.ఏ. లెక్కల పుస్తకం పదో తరగతితోనే మూసేశాడు. అయినా మా చుట్టాల్లో ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడి వెనకా ఆయన చెయ్యి ఉంది. కొందరి విషయంలో ఆ చెయ్యి మెడమీద ఉంది.

ఏటా ఆవకాయ కలిపే రోజులకి మా బావ సీజను మొదలవుతుంది. చంకలో స్పైరల్ బైండింగ్ పుస్తకం. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో ఆ జాబితా. దేవుడి గూట్లో అక్కయ్య లలితా సహస్రనామం పక్కనే ఉంటుందది. రెండిట్లో ఏది ఎక్కువ నలిగిందంటే చెప్పలేం.

ఆయనకి కాలేజీల పేర్లతో పనిలేదు, కోడ్‌లే. పిల్లల్ని కూడా పేర్లతో పిలవడు. "ఆ ఇరవై రెండు వేలవాడు ఏం చేస్తున్నాడు?" అంటాడు. పెదనాన్న పెద్దకర్మ రోజున, బంతిలో గారె నోట్లో పెట్టుకోబోతున్న మా తమ్ముడి కొడుకుని పట్టుకుని "ర్యాంకెంత?" అన్నాడు. వాడు గారె విస్తట్లో పెట్టేసి లేచాడు. 2021లో ఏపీలో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మార్చారు గానీ బావకి అది ఇప్పటికీ ఎంసెట్టే. ఆంధ్రలో ర్యాంకుకి ఇంటరు మార్కుల్లోంచి 25 శాతం కలుపుతారనీ, తెలంగాణలో ఆ పాతిక ఎత్తేశారనీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నిద్రలో లేపాల్సిన పని ఎప్పుడూ రాలేదనుకోండి. మనల్నే ఆయన లేపుతాడు.

ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగ్ తెలిశాక భాషే మారిపోయింది. అక్కడ సీటొచ్చాక మూడు దారులు. ఇదే చాలనుకుంటే ఫ్రీజ్. ఇది చేతిలో ఉంచుకుని పైన పెట్టుకున్న ఏ కాలేజీ వచ్చినా వెళతానంటే ఫ్లోట్. అదే కాలేజీలో పైన పెట్టుకున్న బ్రాంచి వస్తే మారతానంటే స్లైడ్. మా మేనల్లుడికి గుంటూరు సంబంధం వచ్చినప్పుడు బావ గంభీరంగా, "ఇప్పుడే ఫ్రీజ్ చెయ్యకండి, ఫ్లోట్‌లో ఉంచండి" అన్నాడు. "మరి స్లైడో?" అని ఎవరో అడిగారు. "ఆ ఇంట్లోనే రెండో అమ్మాయి" అన్నాడు. అక్కయ్య గరిటె పట్టుకుని వచ్చింది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. వెబ్ ఆప్షన్ల కిటుకు ఊళ్ళో ఈయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చాలామంది 'మనకెలాగూ రాదులే' అని మంచి కాలేజీని కిందికి తోసి, వచ్చేదాన్ని పైన పెడతారు. బావ నెత్తి కొట్టుకుంటాడు. "ఒరేయ్, కంప్యూటరు పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. పైది రాకపోతే దాని కిందది చూస్తుంది. ఆశపడినందుకు నీ సీటేం కోసెయ్యదురా!" అంటాడు. ఆఖరి రోజు రాత్రి సర్వరు మొరాయిస్తుంటే, పిల్లాడి తండ్రి గుర్రుపెడుతుంటే, పన్నెండింటిదాకా కూర్చుని నూట నలభై ఆప్షన్లు ఒక్కొక్కటీ చదివి సరిచూసేది ఈయనే. ఫీజేమీ ఉండదు. నాలుగు కాఫీలు, మధ్యలో ఓ జంతిక.

ఇక నా పద్దు. 2002లో నా ర్యాంకు మరీ తీసికట్టుగా ఏం లేదు. అప్పట్లో వెబ్ ఆప్షన్లు లేవు. హాలుకి వెళ్ళి, పిలిచినప్పుడు అక్కడికక్కడే సీటు కోరుకోవాలి. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కూలి, వెళ్ళినవాళ్ళు పెట్టెలతో తిరిగొస్తున్న కాలం. బావ నా భుజం మీద చెయ్యేసి, "కంప్యూటర్ పనైపోయిందిరా. మెకానికల్ అంటే ఎవర్‌గ్రీన్" అన్నాడు. నాలుగేళ్ళు లేత్ మెషీన్ ముందు నిలబడ్డాను. తర్వాత అందరిలాగే అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లో చేరాను. ఇరవై ఏళ్ళలో నేను బిగించిన బోల్టులు మా ఇంటి డైనింగ్ టేబులువి మాత్రమే. అవీ ఊగుతాయి.

సొంత కూతురి దగ్గర మాత్రం ఆయన పప్పులుడకలేదు. అది ఎంపీసీ ఫారం చింపేసి హెచ్ఈసీలో చేరింది, తర్వాత క్లాట్ రాసి లా చదివింది. బావ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎనిమిదో రోజుకి లా యూనివర్సిటీల కటాఫ్‌లు స్పైరల్ బైండింగ్ చేయించాడు.

మొన్న లిఫ్ట్‌లో పై ఫ్లోరు కుర్రాడు కనబడ్డాడు. వాళ్ళమ్మ నవ్వింది. నేనూ నవ్వి, బాగున్నారా అనబోయి, "ర్యాంకెంత బాబూ?" అన్నాను. ఐదో అంతస్తుకి వచ్చేసరికి లోకల్, నాన్‌లోకల్ వివరాలు చెబుతున్నాను. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి మరీ చెప్పాను. రాత్రి పదింటికి ఎందుకైనా మంచిదని తెనాలికి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"కేటగిరీ చెప్పు. ఉండు, కళ్ళజోడు..." పేజీలు తిరుగుతున్న చప్పుడు.

పది నిమిషాలు కోడ్‌లు చెప్పాడు, నేను రాసుకున్నాను. పెట్టేసే ముందు గొంతు తగ్గించాడు.

"ఏం పెట్టించినా, మెకానికల్ మాత్రం ఆ పిల్లాడి చేత పెట్టించకురా. వెనకటికి మనవాళ్ళలోనే ఎవడికో ఏ తలకుమాసినవాడో చెప్పి చేర్పించాట్ట. పాపం, నాలుగేళ్ళు దండగ."