ఎఫ్‌టీఎల్ సారు

హైదరాబాద్ శివార్లలో ఏ కాలనీకైనా వెళ్లండి. కిరాణా కొట్టు, కర్రీ పాయింటు, వాటర్ ప్లాంటు, వినాయకుడి గుడి ఉంటాయి. వాటితో పాటు ఒక ఎఫ్‌టీఎల్ సారు కూడా ఉంటారు. అరవై దాటిన మనిషి. నీటిపారుదల శాఖలోనో సర్వే శాఖలోనో చేసి రిటైరై ఉంటారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజానికి గుడ్డ సంచి. సంచిలో కూరగాయలున్నాయని మీరనుకుంటారు. ఉండేది గ్రామ నక్షా.

చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత ఎఫ్‌టీఎల్. పెద్ద చెరువైతే ఆ గీత అవతల ఇంకో 30 మీటర్లు బఫరు. సారు లెక్కలో మనుషులు మూడే రకాలు: గీత లోపలివాళ్లు, బఫర్లో వాళ్లు, బయటివాళ్లు. కులం, ప్రాంతం, పార్టీ ఆయనకు పట్టవు. కూతురికి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్లను కూడా సర్వే నంబరు అడిగాకే కాఫీ తెమ్మన్నారని కాలనీలో చెప్పుకుంటారు. సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు వాళ్లది బయట.

మనవడి ఫొటో చూపిస్తానని ఫోను తీస్తారు. వేలితో జరుపుతుంటే మోరీ, మోరీ, కాలుతున్న ఆకుల కుప్ప, మూత లేని మ్యాన్‌హోలు, మనవడు, మళ్లీ మోరీ. మనవడి ఫొటో దగ్గర ఆగి దాన్ని పెద్దది చేస్తారు. ముద్దొస్తున్నాడని మీరు అనేలోపే ఆయన వేలు పిల్లాడి భుజం దాటిపోతుంది. "వెనక చూశారా, నాలా మీద పిల్లర్ లేపుతున్నారు."

ఆయనంటే అందరికీ గౌరవమే. ఫిర్యాదు రాయాలంటే ఆయన, దోమలైతే ఆయన, కుక్కలైతే ఆయన. మనకు తెలియని జీవోలు ఆయనకు నంబర్లతో సహా నోటికి వచ్చు. చెత్తబండి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఎత్తకపోతే ఆ పైన ఎవరికి చేయాలో, వాళ్లూ ఎత్తకపోతే ఏ సెక్షన్ కింద అర్జీ పెట్టాలో ఆయనకే తెలుసు. తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి అని 2015లో జీహెచ్ఎంసీ ఇంటింటికీ పంచిన ఆకుపచ్చ, నీలం డబ్బాలు మా వీధి మొత్తం మీద చెత్త కోసం వాడుతున్నది ఆయన ఇంట్లోనే. మిగతా ఇళ్లలో ఒకదాంట్లో బియ్యం, ఇంకోదాంట్లో ఉల్లిగడ్డలు. మా ఇంట్లోనూ అంతే. మంచి గట్టి డబ్బాలు.

2020 అక్టోబరు 13న వాన పడింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల దాకా. మా కాలనీలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. అందరూ బీరువాలు, పాస్‌పుస్తకాలు, గ్యాస్ బండలు పైకి చేరుస్తుంటే సారు లుంగీ ఎగ్గట్టి, టార్చిలైటు పట్టుకుని వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నీళ్లు మూడో గల్లీ మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చి ఆగాయి. ఆయన నక్షా చూశారు, ట్రాన్స్‌ఫార్మర్ చూశారు. "కరెక్టుగా వచ్చింది" అన్నారు. ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయారు. వాళ్లింట్లో మంచం అప్పటికే తేలుతోంది. వాళ్లది బఫరు. ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతారు.

నవంబరు 17న జీహెచ్ఎంసీ ఎన్నికలకు నోటిఫికేషన్ వచ్చింది. పోలింగు డిసెంబరు 1న. నామినేషన్లకు మూడు రోజులు. కాలనీ సంఘం అధ్యక్షుడు పది మందిని వెంటేసుకుని సారు ఇంటికి వెళ్లాడు. "మీరే నిలవడాలె సార్. గెలిచినా ఓడినా మన సమస్యలు పదిమందికి తెలుస్తయి." ఆ 'ఓడినా' అన్న మాట అందరికీ వినబడింది, ఆయనకు తప్ప. 150 డివిజన్లకు 1,122 మంది పోటీ చేసిన ఎన్నికల్లో ఆయన ఒకరయ్యారు.

స్వతంత్రుడు కాబట్టి గుర్తు కావాలి. చెట్టు అడిగారు. కరెంటు స్తంభం ఇచ్చారు. ప్రతి వేసవిలో వైర్లకు అడ్డమని కొమ్మలు నరికేవాళ్లతో పదేళ్లుగా గొడవపడుతున్న మనిషికి కరెంటు స్తంభం! మా లైన్‌మన్ ఆ వార్త విని పనిగట్టుకుని వచ్చి అభినందించి వెళ్లాడు.

ఫ్లెక్సీలు వద్దన్నారు. గుడ్డ బ్యానర్ల మీద పెయింటరుతో రాయించారు. ఆ పెయింటరు రెండు రోజులు బతిమాలాడు: "సార్, మీ ఫోటో లేకుంటే ఓటు ఎవ్వరికి ఎయ్యాలె?" సారు వినలేదు. బ్యానరు మీద పేరు, గుర్తు, కింద చిన్న అక్షరాల్లో కాలనీ మీదుగా పోయే నాలా అసలు వెడల్పు, ఇప్పటి వెడల్పు. ఓటర్లు అటు చూసి ఏదో ప్లాటు అమ్మకానికి ఉందనుకున్నారు. ఇద్దరు ఫోన్ చేసి గజం ఎంత అని కూడా అడిగారు.

ఇక ఉపన్యాసం. పక్క వీధిలో డీజే బండ్లు దద్దరిల్లిపోతుంటే, ఈయన బ్యాటరీ ఆటో మీద మైకు పెట్టుకుని 1908 సెప్టెంబరు 28 దగ్గర మొదలుపెట్టేవారు. ఆ రోజు మూసీకి వరద వచ్చింది, వేలమంది పోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్. అక్కడినుంచి ఆ రెండు జలాశయాలను కాపాడటానికి తెచ్చిన 1996 నాటి 111 జీవో, 84 గ్రామాలు. మా వార్డు దాకా వచ్చేసరికి ఆటో చార్జింగు అయిపోయేది. జనం కాస్త కదిలేది ఒక్క చోటే: ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్న ఘట్టం. దాన్ని మాత్రం ఆయన నిజంగా బాగా చెబుతారు. నీళ్ల చప్పుడు, చీకటి, కొమ్మ కొమ్మకూ మనిషి. విన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. చెప్పడం ముగించి, కళ్లద్దాలు తుడుచుకుని, "ఒక్క చెట్టు, అమ్మా, ఒక్క చెట్టు!" అన్నారు. ముందు వరసలో ఉన్న ఒకాయన వెంటనే లేచాడు. "సార్, చెట్టంటే యాదికొచ్చింది. మా ఇంటి ముందర కానుగ చెట్టు కొమ్మలు బాల్కనీలకు వస్తున్నయి. జర కొట్టిపియ్యరాదుండ్రి?"

ఇంటింటి ప్రచారానికి ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. నాతో పాటు సర్టిఫికెట్ ఇస్తారేమోనని వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. మూడో గల్లీలో ఒకావిడ తలుపు తీసింది.

"మీ సర్వే నంబరు ఎంతమ్మా?"

"ఏమో సార్, మా ఆయన్ని అడగాలె. ఎల్ఆర్ఎస్‌కు పైసలైతే కట్టినం."

ఆ ఏడాది ప్లాట్లు రెగ్యులర్ చేయించుకుందామని రాష్ట్రమంతా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టింది. ఆమె దగ్గర ఆ రసీదు ఉంది. దేవుడి పటం వెనక నుంచి తీసి చూపించింది.

"ఇది దరఖాస్తు రుసుమమ్మా, వెయ్యి రూపాయలు. చెరువులో ప్లాటుకు ఎల్ఆర్ఎస్ రాదు." సంచిలోంచి నక్షా తీసి గుమ్మంలో పరిచారు. అది చుట్టుకుపోతుంటే అక్కడున్న చెప్పులే నాలుగు తీసి నాలుగు మూలలా పెట్టారు. మోకాళ్ల మీద కూర్చుని వేలు ఆనించారు. "ఇదిగో కట్ట. ఇది తూము. ఇక్కణ్నించే పొలాలకు నీళ్లు పోయేవి. మీ పూజగది సరిగ్గా తూము మీద ఉంది."

ఆమె నక్షా కేసి చూసింది, పూజగది కేసి చూసింది. "దేవుడు మంచి జాగలనే కూసున్నడు కద సార్!"

"సార్, ఓటు..." అన్నాడు కుర్రాడు, మెల్లగా.

"ఆఁ, అవును. కరెంటు స్తంభం గుర్తమ్మా."

"మీకే ఏస్తం సార్, మీరు గాకపోతె ఎవ్వరున్నరు మాకు? గానీ మా ఇల్లు కూలగొట్టరు గదా?"

మరే అభ్యర్థి అయినా ఇక్కడ 'అయ్యో, అదేం మాటమ్మా' అని గుండెల మీద చెయ్యి వేసుకుంటాడు. సారు ఆలోచించారు. నిజంగానే, గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, అర నిమిషం ఆలోచించారు. "నేను కూలగొట్టనమ్మా. మళ్లీ 19 సెంటీమీటర్లు పడితే మాత్రం నేనేం చెప్పలేను."

తలుపు మర్యాదగానే మూసుకుంది.

తర్వాతి ఇంట్లో దోమల మందు పొగ మిషను అడిగారు. పొగతో దోమలు పక్కింటికి పోతాయి తప్ప చావవని చెప్పి, వాళ్ల పూలకుండీల కింది పళ్లాల్లో నీళ్లు తనే ఒలకబోసి వచ్చారు. ఆ ఇల్లూ పోయింది. వరద సాయం 10 వేలు అందనివాళ్లు, మీ సేవ ముందు క్యూలు కట్టి, ఎన్నికల సంఘం ఆపేయమనేసరికి వెనక్కి వచ్చినవాళ్లు, ఆయన మీద పడ్డారు. ఒక పార్టీ 25 వేలిస్తామంటోంది, ఇంకో పార్టీ నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమంటోంది, మీరేమిస్తారు అని. నాలా వెడల్పు చేయిస్తానన్నారు. "వెడల్పు చేస్తే మా గోడ పోతది సార్" అన్నారు వాళ్లు. పోతుందని ఆయన ఒప్పుకున్నారు. పక్క గల్లీలో ప్రత్యర్థి మనిషి ఒకడు, "ముందుగాల నీ ఇల్లు తీసెయ్ సారూ, నీది బఫర్ గదా!" అని అరిస్తే, "అవును, 11 మీటర్లు లోపలికి ఉంది" అని వాడికి కొలత కూడా చెప్పారు. ఇలాంటి మనిషిని ఎన్నికల్లో నిలబెట్టడం మా తప్పే గానీ ఆయనది కాదు.

ఓట్లు తెచ్చేలా మాట్లాడిన మనిషి ఒక్కరే, వాళ్లావిడ. ఆమె మహిళా సంఘంలో రెండే ముక్కలు చెప్పింది: "ఏసి గెలిపియ్యండమ్మా. ఐదేండ్లు ఇంట్ల ఉండడు."

సారు ఆశలన్నీ వాకింగ్ బ్యాచ్ మీద. చదువుకున్నవాళ్లు, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, పార్కులో ఆయన మాటకు రోజూ తల ఊపేవాళ్లు. కానీ ఆ ఏడాది క్యాలెండరు వేరేగా ఆలోచించింది. శని, ఆదివారాలు, సోమవారం కార్తీక పౌర్ణమి, మంగళవారం పోలింగు సెలవు. నాలుగు రోజులు వరసగా! పైగా కరోనా వల్ల సగంమంది ఊళ్ల నుంచే ఉద్యోగాలు చేస్తున్నారు. వాకింగ్ బ్యాచ్ శుక్రవారం రాత్రికే కార్లెక్కింది. పోలింగు రోజు సారు స్కూల్ గేటు దగ్గర నిలబడి ఉంటే, ఫోనుకు వాళ్ల వనభోజనాల ఫొటోలు వచ్చాయి. ఉసిరిచెట్టు కింద అరిటాకులు, పులిహోర. 'పర్యావరణమే ప్రాణం సార్' అని కింద ఒకాయన రాశాడు. ఆ ఎన్నికల్లో నగరమంతా కలిపి ఓటేసింది 46.55 శాతం. కరోనా కదా అని మిషన్లు కాకుండా ఈసారి కాగితం బ్యాలెట్లు పెట్టారు. అంత కాగితానికి ఎన్ని చెట్లు పడతాయో సారు లోపల లెక్క వేస్తూ నిలబడ్డారనీ, తన ఓటు వేయడం మరిచిపోబోయారనీ ఏజెంటుగా కూర్చున్న కుర్రాడు చెప్పాడు.

డిసెంబరు 4న లెక్కింపు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. ఆ దరిదాపులకు పోలేదు. నోటా మీద మాత్రం గెలిచారు, తక్కువ తేడాతో.

మర్నాడు పొద్దున ఆరున్నరకే ఆయన ఫోను మోగింది. మూడో గల్లీ ఆవిడ. "సార్, మా ఇంటి ముందర మోరీ పొంగుతున్నది. జర ఎవ్వరికన్న చెప్పుండ్రి." గెలిచినాయనకు చెయ్యకూడదా అంటే, "ఆయన సన్మానంల ఉన్నడంట సార్" అన్నదట. సారు చెప్పులేసుకుని వెళ్లారు.

ఓదారుద్దామని ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. ఓదార్పు అవసరమున్నట్టు కనిపించలేదు. టేబుల్ మీద చదరాల నోటుబుక్కు తెరిచి ఉంది, వీధివారీగా గీతలు కొట్టి.

"నాకే వేశామని ఎదురుగా చెప్పినవాళ్లను రాసుకున్నానండీ. వచ్చిన ఓట్లు అందులో ఐదో వంతు."

"అబద్ధాలు చెప్పారన్నమాట" అన్నాను, ఆ లెక్క నావైపు తిరగకుండా.

"ఛ, అలా అనకూడదు. దారి నష్టాలు. కాలువలో ఇంకుడు ఉంటుంది, ఆవిరి ఉంటుంది, మధ్యలో గండ్లు ఉంటాయి. వదిలిన నీళ్లు వదిలినట్టు చివరి ఆయకట్టుకు ఎప్పుడైనా చేరాయా? నా ముప్పై ఏళ్ల సర్వీసులో చూడలేదు. అందలేదంటే పైనుంచి ఇంకా ఎక్కువ వదలాలి, అంతే."

"అంటే?"

"ఉపన్యాసం 1908 నుంచి మొదలుపెట్టడం పొరపాటైంది. జనానికి ముందు కథ తెలియదు కదా. ఈసారి 1562 నుంచి, హుస్సేన్ సాగర్ దగ్గర్నుంచి ఎత్తుకుంటాను. కూర్చోండి, ఒకసారి చెబుతా, ఎక్కడ సాగినట్టుందో చూడండి."

పనుందంటూ లేవబోయాను. అప్పటికే ఆయన నక్షా నేలమీద పరిచి, మూలలు లేవకుండా గుమ్మంలోంచి నా చెప్పులు రెండూ తెచ్చి పెట్టేశారు.