యుకులేలే కథ

యుకులేలే అంటే నాలుగు తీగలున్న బుల్లి తంత్రీవాద్యం. ఈ కథ ఆ వాద్యానిది కూడా కాబట్టి వంశం సంగతి ముందు రావాలి. 1879లో మదీరా దీవి నుంచి ఓడెక్కి హోనొలులులో దిగిన పోర్చుగీసు వలసదారుల్లో కొందరు వడ్రంగులు ఉన్నారు. తమ ఊళ్లో వాయించే మషేట్ వాద్యాన్ని అనుసరించి వాళ్లు చేసిందే ఇది. హవాయి రాజు కలకావా చేరదీశాడు. తర్వాత అమెరికా అంతా పాకింది గానీ, పెద్ద సంగీతకారుల వరసలో పీట మాత్రం చాలామంది వేయలేదు. పిల్లల ఆటవస్తువనే అన్నారు.

ఆ ఆటవస్తువుతోనే పేరు తెచ్చుకున్న అమెరికన్ గాయని గ్రేస్ వాండర్‌వాల్ 2004లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని సఫర్న్‌లో పెరిగింది. యూట్యూబ్ వీడియోలు చూసి యుకులేలే పట్టింది. కొత్తవాళ్లను బెదరగొట్టే వాద్యం కాదిది. ‘సి కార్డ్’ అనే స్వరగుచ్ఛానికి ఒక్క వేలు చాలు: ‘ఎ’ తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి, మిగతావాటితో కలిపి మీటితే సరి. గిటారులో పైనుండే తీగ మంద్రంగా మోగుతుంది. యుకులేలేలో ఆ చోటున్న ‘జి’ తీగ పక్కనున్న ‘సి’ కన్నా హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. అందుకే ఇందులో గాంభీర్యం తక్కువ, గలగల ఎక్కువ. జీర తగిలిన గొంతు పక్కన మోగినా ఆ గొంతును కప్పేయదు. గ్రేస్‌ది అలాంటి గొంతే.

2016లో ‘అమెరికాస్ గాట్ టాలెంట్’ అనే టీవీ ప్రతిభా పోటీ వేదిక మీదికి పన్నెండేళ్ల గ్రేస్ వచ్చింది. పోటీలకొచ్చే పిల్లలు ఎక్కువగా ఎవరో పాడి పేరుతెచ్చిన పాటనే ఎంచుకుంటారు. ఆమె పాడింది తాను రాసుకున్న ‘ఐ డోంట్ నో మై నేమ్’. న్యాయనిర్ణేత హోవీ మాండెల్ గోల్డెన్ బజర్ నొక్కి ఆమెను నేరుగా లైవ్ షోలకు పంపాడు. ఇంకో న్యాయనిర్ణేత సైమన్ కోవెల్ ఆమెను మరో టేలర్ స్విఫ్ట్ అన్నాడు. సెప్టెంబరులో గెలుపు ఆమెదే. బహుమతి 10 లక్షల డాలర్లు. అయితే మొత్తం చేతికందాలంటే 40 ఏళ్ల వాయిదాలు, ఒకేసారి కావాలంటే కోత. టీవీ గెలుపులో ఇలాంటి మెలికలు మామూలే.

ఆ తర్వాత అంతా పరుగు. కొలంబియా రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది. డిసెంబరులో వచ్చిన ‘పర్‌ఫెక్ట్‌లీ ఇంపర్‌ఫెక్ట్’ ఈపీ బిల్‌బోర్డ్ 200 పట్టికలో 9వ స్థానం దాకా వెళ్లింది. 2017లో మొదటి ఆల్బమ్ ‘జస్ట్ ద బిగినింగ్’ విడుదలైంది. గిటార్ల కంపెనీ ఫెండర్ ఆమె పేరుతో యుకులేలేలనే అమ్మకానికి పెట్టింది. వాద్యానికి ఇది గర్వకారణమే, గాయనికి మాత్రం మెడలో పలక. ఎక్కడికెళ్లినా ‘యుకులేలే పాప’ అనే గుర్తింపే ఎదురైతే, పదిహేనేళ్లు దాటిన రచయిత్రికి కొత్తగా పాడే చోటు దొరకడం కష్టం. స్టూడియోలో నిర్మాతలు, సహరచయితలు చేరారు. బాణీల్లో ఈ నాలుగు తీగల వాటా తగ్గుతూ వచ్చింది. 2019 నాటి ‘లెటర్స్ వాల్యూమ్ 1’ ఆ దారిలోదే.

విడ్డూరమేమిటంటే, సినిమా ఆమెకు మళ్లీ యుకులేలేనే ఇచ్చింది. జెర్రీ స్పినెల్లి నవల ‘స్టార్‌గర్ల్’లో కథానాయిక బడికి యుకులేలేతో వచ్చే విచిత్రమైన పిల్ల. 2020లో డిస్నీ ప్లస్ సినిమాలో ఆ పాత్ర గ్రేస్‌దే. 2022లో దాని కొనసాగింపు కూడా వచ్చింది. 2024లో దర్శకుడు కొప్పోలా తీసిన ‘మెగాలోపొలిస్’లో వేసింది పాప్ గాయని వెస్టా వేషం. జనం ముందు నిలబెట్టిన బొమ్మ ఒకటి, అసలు మనిషి ఒకటి అయిన పాత్ర అది. ఆమెను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదేమో.

రెండో ఆల్బమ్ ‘చైల్డ్‌స్టార్’ పల్స్ రికార్డ్స్ ద్వారా 2025 ఏప్రిల్‌లో వచ్చింది. మొదటిదానికి, దీనికి మధ్య ఏడేళ్లకు పైనే దూరం. చిన్న వయసులోనే పేరు రావడం, ఆ పేరు వెంట పెద్దల పెత్తనం రావడం ఇందులో పాటలకు వస్తువు. పోటీలో గెలిచిన పిల్ల మీద ఇతరులు రాసిన కథను, ఇప్పుడు ఆ పిల్లే పెద్దదై తిరగరాస్తోంది.